ఉప్పు కరిగే వేడి

పోయిన నెల కరీంనగర్‌లో మా ఇంటి వెనక స్నానాల గది గోడ పడగొట్టిస్తుంటే మేస్త్రి నన్ను కేకేసి పిలిచి ఒక ఇటుక చేతికిచ్చాడు. మామూలు ఇటుక కాదది. తెల్లగా, బరువుగా, ఒక పక్కంతా వంకర టింకరగా గాడి కోసి ఉంది. అలాంటివి ఆ గోడలో ఇంకా ఉన్నాయట. మేస్త్రి నా మొహాన్నీ ఇటుకనూ మార్చి మార్చి చూశాడు. గోడలో ఏదో దాచి, గుర్తుకోసం గీతలు గీయించామని అతని అనుమానం. లోపల ఏముందో ముందే చెబితే గడ్డపార చూసుకుని వేస్తానన్నాడు. ఏమీ లేదయ్యా, పాత పొయ్యి ఇటుకలవి అన్నాను. నమ్మలేదు. అతన్ని తప్పుపట్టను. ఆ ఇటుకల్ని చూసి నమ్మినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు, మొట్టమొదట నేనే నమ్మలేదు. మా ఆయన పోయి ఏడాది దాటింది. గనుల్లో పని మానేసి ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు వాటిని పారేయడానికి చేతులు రాక గోడలో పెట్టించింది ఆయనే.

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో చిన్నా పెద్దా అందరూ అంటారు. కాదనను. హుస్నాబాద్ పక్కన వడ్లవాళ్ళ ఇంట పుట్టాను. మా బాపు నాగళ్ళు, బండి చక్రాలు చెక్కేవాడు. మా అవ్వ, కూరగాయలమ్మే మనిషి తక్కెడను తన చేత్తో లేపి చూసుకుంటేగాని పావుసేరు వంకాయలు కొనేది కాదు. పాలు పోసే ఆయన ఎదురుగానే గిన్నెలో వేలు ముంచి చూసేది. ఆమె చేతి కింద పెరిగినదాన్ని. పెళ్ళయ్యి గోదావరి దాటి, ఆదిలాబాద్ జిల్లా బొగ్గు గనుల క్వార్టర్లకు కాపురానికి వచ్చినప్పుడు ఆ కొత్త చోట నాకు నమ్మదగ్గది ఏదీ కనిపించలేదు. ఒకే పొడుగాటి కప్పు కింద వరసగా ఇళ్ళు, నడుమ ఒక్కొక్క గోడ, ఆ వరసనే లైను అనేవాళ్ళు. పక్కింట్లో దగ్గితే మా ఇంట్లో వినిపించేది. పొద్దున ఆరేసిన తెల్ల ధోవతి సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. షిఫ్టు కూత పడితే పాలు తాగే పిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్ళు. అన్నింట్లోనూ బొగ్గు పొగ వాసన, ఆఖరికి పచ్చిపులుసులో కూడా. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు. ఒకరి ఊరు ఒకరికి తెలియదు, ఒకరి దేవుడు ఒకరికి తెలియదు. అందుకని అందరూ అందరినీ ఒక కంట కనిపెట్టుకుని ఉండేవాళ్ళు.

మా ఆయన గనుల వర్క్‌షాపులో ఫిట్టరు. మాట తక్కువ మనిషి. పెళ్ళయిన రెండో ఏడు వానలు వెనకపట్టాక ఆయన డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు గోనెసంచిలో ఏదో ఒకటి మోసుకురావడం మొదలుపెట్టాడు. మొదట ఇటుకలు, తర్వాత వెల్డింగు కార్బైడు వచ్చే పెద్ద ఇనుప డబ్బా ఒకటి. కరీంనగర్ పోయి వస్తూ పాత సామాన్ల దుకాణం నుంచి కరెంటు పొయ్యిలో ఎర్రగా కాలే తీగ చుట్టలు తెచ్చాడు. ఇవి ఎక్కడివని అడిగాను. పాత బాయిలరు విప్పి ఇటుకలు బయట పారేశారనీ, అడిగే తెచ్చుకున్నాననీ చెప్పాడు. సరేనన్నాను గాని మనసు ఊరుకోలేదు. మరుసటి రోజు సద్దిగిన్నె ఇచ్చే సాకుతో గేటు దాకా పోయి అక్కడి కావలివాణ్ని అడిగాను. నిజమేనన్నాడు. అది విన్నాక కావలివాడి మీద కూడా అనుమానం వచ్చింది. ఇవన్నీ ఎందుకంటే మా ఆయన చెప్పింది ఒక్కటే మాట, ఇనుము కాల్చే కరెంటు పెట్టె కడుతున్నానని, లైనులో వాళ్ళ ఉలులు, కత్తులు గట్టిపరచవచ్చని. లైనులో వాళ్ళ ఉలుల మీద ఈయనకు ఇంత ప్రేమ ఎప్పటి నుంచి అనుకున్నాను.

పెరట్లో కూర్చుని విరిగిన రంపపు బ్లేడుతో, చిన్న ఉలితో ఇటుకల్లో గాడి కోసేవాడు. ఆ తెల్లటి పొడి ఎగిరి బియ్యంలో పడేది, జొన్నపిండిలో పడేది, నేను గొణిగేదాన్ని. గాడి అయ్యాక తీగను ఒక సన్నటి చువ్వ మీద చుట్టాడు. తర్వాత ఆ చుట్టను సాగదీయాలి. ఒక కొన నేను పట్టుకుని ఈ గోడ దగ్గర, ఇంకొక కొన ఆయన పట్టుకుని ఆ గోడ దగ్గర, మెల్లమెల్లగా లాగేవాళ్ళం. చుట్లన్నీ సమానంగా ఎడం ఉండాలట. ఒక చోట దగ్గరపడితే అక్కడే ఎక్కువ కాలి తెగిపోతుందట. నా వైపు చుట్లు దగ్గరపడ్డాయని ఆయన, లేదు మీ వైపే అని నేను. మేమిద్దరం మనసు విప్పి మాట్లాడుకున్నది ఆ రోజుల్లోనేనని ఇప్పుడు తోస్తుంది. గాడిలో తీగ పెట్టి, ఇటుకల్ని గూడులాగా పేర్చి, ఆ గూడును కార్బైడు డబ్బాలో దించి, చుట్టూ మిగిలిన సందులో రైసు మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద కూరాడు. వేడి బయటికి పోకుండా ఊక బూడిదను మించింది లేదన్నాడు. ముందుకు తెరుచుకునే తలుపు, తలుపు నడిమధ్య వేలు పట్టేంత బొక్క. ఆ బొక్కలోంచి లోపలికి పెట్టడానికి ఒక సన్నటి ఇనుప చువ్వ, చువ్వకు కర్ర పిడి.

కరెంటు పట్టుకుని ఎవరన్నా చస్తారని నాకు భయం. ఆ మాటే అన్నాను. అందుకు ఆయన పెరటి మూల నడుములోతు గుంత తవ్వి, అందులో ఒక ఇనుప రేకును నిలబెట్టి, దాని చుట్టూ ఒక వరస ఉప్పు, ఒక వరస బొగ్గు, మళ్ళీ ఉప్పు, మళ్ళీ బొగ్గు పోసి పూడ్చాడు. పెట్టె డబ్బాకు కట్టిన తీగను ఆ రేకుకు కలిపాడు. కరెంటు ఎక్కడన్నా కారితే మనిషిని పట్టుకోకుండా ఆ తీగ గుండా భూమిలోకి పోతుందట. గుంత ఎండితే పని చేయదు గనుక రోజూ దాని మీద ఒక బిందె నీళ్ళు పోయాలి. ఆ పని నాకు అప్పజెప్పాడు. పొద్దున స్నానం చేసి, తడి జుట్టు విరబోసుకుని, మొదట గుంతలో నీళ్ళు పోసి అప్పుడు వంటింట్లోకి పోయేదాన్ని. ఎవరన్నా చూస్తే ఎట్లా ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు. అంత అనుమానపుదాన్ని, నన్ను ఎవరన్నా అనుమానిస్తారని అనుకోలేదు.

పెట్టె తయారవుతుండగానే మా మామ వచ్చాడు. చొప్పదండి దగ్గర పల్లెలో కమ్మరి ఆయన. మా అత్త పోయిన తర్వాత ఒక్కడే కొలిమి నడుపుకుంటున్నాడు. కోతలకు ముందు ఊరు వదిలి వచ్చే మనిషి కాదు. మోకాళ్ళ నొప్పులకు ఇక్కడి దవాఖానలో చూపిస్తానని కొడుకు కబురు మీద కబురు పంపితే వచ్చాడు. వస్తూ వస్తూ సాగగొట్టి వంచిన కొడవళ్ళన్నీ, ఇంకా కాల్చి గట్టిపరచనివి, గోనెలో కట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. ఇంట్లో వదిలితే ఎవరన్నా ఎత్తుకుపోతారని. రైల్లో కూడా ఆ గోనె మీదే కూర్చున్నాడట. నా అనుమానాలు మా మామ ముందు ఎందుకూ పనికిరావు. రజాకార్ల రోజుల్లో పగలొచ్చిన వాళ్ళు బల్లేలు చేసి ఎవరికిచ్చావని అడిగేవాళ్ళట, పొద్దుగూకాక వచ్చినవాళ్ళు బల్లేలు చేసి ఇవ్వమనేవాళ్ళట. ఇద్దరికీ నాగటి కర్రులే చేస్తానని చెప్పి ఆ కాలం వెళ్ళదీశాడు. అప్పటి నుంచి మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే మొదట అతని చేతులు చూసేవాడు. ఉక్కు కొంటే రాతి మీద వేసి మోగించి, మళ్ళీ ఇంకొక రాతి మీద వేసి మోగించేవాడు. నేను చాయ్ ఇస్తే ముందు వాసన చూసి, కొంచెం నాలుక మీద వేసుకుని, నేను తాగేదాకా ఆగి అప్పుడు తాగేవాడు. నాకు కోపం రాలేదు. మా అవ్వను చూసినట్టే ఉండేది. మామా కోడళ్ళకు అక్కడే పొత్తు కుదిరింది. కూరగాయలు కొనేటప్పుడు నేను తక్కెడ చూస్తే ఆయన తూకం రాళ్ళు చూసేవాడు.

రాళ్ళు చేత్తో తడిమి చూసేవాడు. అది నేను గమనించాను. కడవలో చెంబు ముంచే ముందు అంచు తడిమేవాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి కాలితో వెతికేవాడు. వాకిట్లో ఎర్రచీర ఆరేస్తే అది నాదేనా, పక్కింటిదా అని అడిగాడు. పక్కింటామెది ఆకుపచ్చది. ఒకరోజు చెంబు ఉన్న చోటు నుంచి కొంచెం జరిపి పెట్టి చూశాను. ఆయన చేయి ఉత్త నేలను తడిమింది. చెంబును మెల్లగా ఆ చేతి కిందికి జరిపాను. కమ్మరికి కళ్ళే కొలత. కొలిమిని చీకటి మూలన పెట్టుకునేది రంగు తెలియడానికే. కొడవలి దానిమ్మ పువ్వు రంగుకు వచ్చినప్పుడు నీళ్ళలో ముంచాలి. అంతకు ముందు ముంచితే మెత్తగా వంగిపోతుంది, రంగు దాటాక ముంచితే పెళుసెక్కి విరిగిపోతుంది. కళ్ళకు పొర కమ్మిన కమ్మరి చేతికి ఇనుము ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి పల్లెలో తెలిసిన రోజు కొడవళ్ళన్నీ చొప్పదండి కొలిమికి పోతాయి, కళ్ళం దగ్గర ఆయన వంతు గింజలు ఆగిపోతాయి, తాత ముత్తాతల నాటి కొలిమి చల్లారిపోతుంది. అందుకే ఆయన కొడుక్కు కూడా చెప్పలేదు. రెండు మూడేళ్ళుగా విరిగిన కొడవళ్ళు వెనక్కి వస్తుంటే ఉక్కు మంచిది కాదనేవాడట, బొగ్గు తడిసిందనేవాడట, కోసినవాడు రాయికి తగిలించాడనేవాడట.

ఆ రోజు చువ్వ పిడిని చేతిలోకి తీసుకుని చూశాను. వడ్లవాళ్ళ ఇంట పుట్టినదాన్ని, పిడి చూస్తే అది ఎవరి చేతికి చెక్కిందో చెప్పగలను. మామ కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది, చిన్నప్పుడెప్పుడో సమ్మెట కింద పడి పోయింది. ఆ పిడికి చూపుడువేలు ఆనే చోట పొట్టి గుంట చెక్కి ఉంది. మా ఆయన చేతికి అది పట్టదు. లైనులో వాళ్ళ ఉలులూ కాదు, కత్తులూ కాదు. కొడుక్కు ఎప్పుడో తెలుసు. తెలుసని తండ్రికి చెప్పలేక ఈ పెట్టె కట్టాడు. నాకు కూడా చెప్పనందుకు కోపం వచ్చింది, కోపం వెంటే ఏడుపు వచ్చింది. మా ఆయన ఇంటికి వచ్చాక ఆ పిడి చూపించాను. తలొంచుకుని, బాపుతో అనకు అన్నాడు.

ఉప్పు సంగతి అప్పుడు వివరంగా చెప్పాడు. అప్పటిదాకా నా ఉప్పు జాడీ ఎందుకు ఖాళీ అవుతోందో తెలియక దుకాణం ఆయన తూకం మీద అనుమానపడుతున్నాను. ఇంట్లో తినే ఉప్పు మామూలు మంటకు కరగదు. ఇనుము సరిగ్గా ముంచాల్సిన వేడికి వచ్చే వేళకు అదీ కరిగి నీరవుతుంది. ప్రమిద నిండా ఉప్పు వేసి కొడవలి పక్కన పెడితే, చువ్వతో బొక్కలోంచి తడుముతూ ఉండవచ్చు. ఉప్పు గరగరలాడినంత సేపు ఆగాలి. చువ్వ జర్రున దిగిందంటే ఉప్పు నీరైంది. అప్పుడు కరెంటు ఆపేసి, తలుపు తీసి, పట్టుకారుతో కొడవలిని లాగి ముంచాలి. తర్వాత పెట్టె చల్లారుతుండగా మళ్ళీ కాసేపు లోపల పెట్టి తీస్తే పెళుసు పోతుంది. రంగు చూసే పనే లేదు. చేయి చాలు. మా ఆయన డ్యూటీకి పోయినప్పుడు ఆ పని నేను చేసేదాన్ని, మామకు వినపడేలా ఒక్కొక్కటీ పైకి చెప్పుకుంటూ. మామ మంచం మీద అటు తిరిగి పడుకుని అంతా వినేవాడు. దగ్గరికి వచ్చేవాడు కాదు. మంట లేదు, తిత్తి లేదు, చప్పుడు లేదు, ఇదేం కొలిమి అనేవాడు. కొడుకు తన కొలిమి మూయించడానికే ఇది కట్టాడని ఆయన అనుమానం. ఎవరి కోసం కట్టిండని నన్ను అడుగుతూనే ఉండేవాడు. లైనోళ్ళ కోసం అని నేను అబద్ధం చెబుతూనే ఉండేదాన్ని.

పగలంతా గనుల మోటార్లు నడుస్తుంటే మా లైనుకు కరెంటు బలంగా వచ్చేది కాదు. పొద్దుగూకే ముందు షిఫ్టు మారే వేళకు బలంగా వచ్చేది. అందుకని పెట్టె ఆ వేళకే పెట్టేదాన్ని. మా ఆయన అడిగితే గనుల కరెంటు ఫోర్‌మన్ సరేనన్నాడు గాని లైనులో వాళ్ళను మేం ఎవరమూ అడగలేదు. మా పెట్టె మొదలైతే లైను లైనంతా బల్బులు మసకబారి గుడ్డిదీపాలయ్యేవి. ఆపితే మళ్ళీ భగ్గున వెలిగేవి. పక్కింట్లో లచ్చవ్వ, ఆమె మొగుడు మల్లేశం ఉండేవాళ్ళు. మల్లేశం మా మామ ఊరివాడే, బొగ్గు కొట్టే పనికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. వాళ్ళ చంటిపిల్లకు ఆ నెలలోనే జ్వరం పట్టుకుంది, సాయంత్రం కాగానే ఎక్కువై ఏడ్చేది. సాయంత్రమే దీపాలు మసకబారేవి. ఇంక లెక్క కుదరడానికి ఎంత సేపు? నేను నల్లా దగ్గరికి పోతే ఆడవాళ్ళు బిందెలు సగం నిండకుండానే ఎత్తుకుపోయేవాళ్ళు. పిల్లల మొహాల మీద కొంగు కప్పేవాళ్ళు. దుకాణం ఆయన, ఇంత ఉప్పు ఏం చేస్తున్నావని అడిగాడు. ఒక పొద్దున గుంత దగ్గర ఎవరో కోసి విసిరిన నిమ్మకాయ కనిపించింది. దాన్ని చూస్తూ నిలబడ్డప్పుడు నన్ను నేను పక్కింటి కళ్ళతో చూసుకున్నాను. విరబోసిన తడి జుట్టు, ఉప్పు, బొగ్గు, గుంత, రోజూ నీళ్ళు. మా ఊరి పక్క ఊళ్ళో చేతబడి, బాణామతి చేస్తుందని ఒకామెను పట్టుకుని, మంత్రం పలకకుండా పళ్ళు ఊడగొట్టారు. చిన్నప్పుడు ఆమెను చూశాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నడిచేది.

ఇంటాయనతో చెబితే పెట్టె ఆపేద్దామన్నాడు. గోనెలో కొడవళ్ళు ఇంకా సగం ఉన్నాయి, కోతలు దగ్గరపడ్డాయి. అవి సరిగ్గా గట్టిపడి ఊరికి చేరితే మామ మాట నిలబడుతుంది. నేనే వద్దన్నాను, ఇంకొక వారం ఓపిక పడదామన్నాను.

ఆ వారంలోనే వచ్చారు. మా ఆయన ఏదో పని మీద మంచిర్యాల పోయాడు. పెట్టె లోపల కొడవలి ఉంది, దీపాలు మసకబారి ఉన్నాయి. మా లైనుకు పెద్దమనిషి ఓదెలు, మల్లేశం, వెనక చాలామంది, ఇద్దరి చేతుల్లో పారలు. పెరటి తలుపు నెట్టుకుని వచ్చారు. ఓదెలు మర్యాద తెలిసిన మనిషి, గొంతు లేపలేదు.

"చెల్లె, గా గుంతల ఏం పెట్టినవో చెప్పు. చెప్తె మా దారిన మేం పోతం."

ఉప్పు, బొగ్గు, ఇనుప రేకు అన్నాను. కరెంటు భూమిలోకి పోవడానికి అన్నాను.

"కరెంటును భూమిల పాతిపెడ్తరా ఎవలన్న?" అన్నాడు ఓదెలు.

నాకే అది అబద్ధంలాగా వినిపించింది. కరెంటు పట్టుకుంటుంది, పెట్టె ఆపేదాకా తవ్వకండి అన్నాను. దాంతో ఉన్న కాస్త నమ్మకం పోయింది. తవ్వారు. ఉప్పు, బొగ్గు, తీగ చుట్టిన రేకు పైకి వచ్చాయి. లచ్చవ్వ పిల్లను చంకనేసుకుని ఏడుస్తూ, పొద్దునే నేను జుట్టు విరబోసుకుని నీళ్ళు పోయడం తన కళ్ళారా చూశానని చెప్పింది. అది నిజం. వెనక నుంచి ఎవరో, గొంతు నాకు తెలియలేదు, "పండ్లు ఊడగొడ్తె అన్నీ ఆగుతయి" అన్నారు. నేను నోరు గట్టిగా మూసుకుని గోడకు ఆనుకున్నాను. ఆ భయం ఇప్పటికీ నా పళ్ళలో ఉంది, చల్లనీళ్ళు తగిలితే అదే గుర్తుకొస్తుంది.

మామ మంచం దిగిన చప్పుడైంది. గుమ్మం దగ్గర ఆగి, కాలితో వెతుక్కుని, పెరట్లోకి వచ్చి నాకూ వాళ్ళకూ నడుమ నిలబడ్డాడు.

"ఆగుండ్రి. గా పిల్లను ముట్టకుండ్రి. మల్లేశం, నీ గొంతు ఇన్న. నిరుడు కోతలకు ఊరికొస్తె నీకు కొడవలి చేసిచ్చిన. ఏమైంది గది?"

"ఇరిగింది మామా. రాయికి తాకిచ్చినవని నువ్వే అంటివి."

"నువ్వు రాయికి తాకియ్యలే. నేను ఎక్కువ కాల్చిన. రంగు కనవడక కాల్చిన. నాకు కండ్లు కనవడ్తలెవ్వురా. మూడేండ్లాయె. చెప్పనీకి సిగ్గయి నీ చేతి మీదికి నెట్టిన."

పారలు నేలకు ఆనాయి. మామ ఆ పెట్టె మీద, వేడి తగులుతుందన్నట్టు, అరచేయి ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

"గీ పెట్టె నా కండ్లకు బదులు కట్టిండ్రు. ఉప్పు నా కోసమే, గుంత నా కోసమే. గిప్పుడు ఊరికి పోయి చెప్పుకో, కనకయ్యకు కండ్లు పోయినయని. నిజమే గది. గని మా కోడలు బాణామతి చేస్తదని మాత్రం అనకు."

తర్వాత చేయి చాచి చువ్వ ఏదీ అన్నాడు. ఇచ్చాను. అప్పటిదాకా ఆయన దాన్ని ముట్టలేదు. సగం వేలు ఆ పొట్టి గుంటలో కూర్చుంది. బొటనవేలితో పిడిని మళ్ళీ మళ్ళీ తడిమాడు. అప్పుడు మల్లేశాన్ని దగ్గరికి పిలిచి, అతని చేయి మీద తన చేయి వేసి, చువ్వను బొక్కలోకి దించాడు. గరగరమంటోందా అని అడిగాడు. అంటోందన్నాడు మల్లేశం. అలాగే ఇద్దరూ నిలబడ్డారు, మేమందరం చుట్టూ నిలబడ్డాం. కాసేపటికి మల్లేశం ఉలిక్కిపడి, నీళ్ళయింది మామా అన్నాడు. మామ నన్ను కరెంటు ఆపమన్నాడు. ఆపగానే లైనులో దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. తలుపు తీసి, నేను ఎటు అంటే అటు పట్టుకారు జరిపి, కొడవలిని లాగి నీళ్ళలో ముంచాడు. చుయ్‌మన్న ఆ చప్పుడు విని ఆయన మొహం విప్పారింది. చప్పుడుతోనే అది బాగా వచ్చిందని తెలిసినట్టుంది.

ఓదెలు గుంతను తన చేత్తోనే మళ్ళీ పూడ్చాడు, ఉప్పు వరస ముందా బొగ్గు ముందా అని నన్ను అడిగి మరీ. లచ్చవ్వకు మాత్రం పూర్తిగా నమ్మకం కలగలేదు. పిల్లను మరునాడు దవాఖానకు తీసుకుపోయింది, జ్వరం తగ్గింది, తగ్గింది పోచమ్మకు సాక పోసి మొక్కినందుకేనని చెప్పింది. పోనీలే అనుకున్నాను.

మల్లేశం చెడ్డవాడు కాదు, అయినా మామ కళ్ళ సంగతి గోదావరి దాటింది. అన్ని నోళ్ళ ముందు అన్న మాట దాటకుండా ఎట్లా ఉంటుంది? ఆ ఏడు మేం పంపిన కొడవళ్ళలో ఒక్కటీ విరగలేదని మా ఆయన ఊరికి పోయి విని వచ్చాడు. అయినా తర్వాతి కోతలకు ఊరంతా చొప్పదండి కొలిమికే పోయింది. కళ్ళం దగ్గర ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు. మామ ఒక్కసారి పోయి తిత్తి విప్పి, ఇనుము పెట్టి కొట్టే దాకలి పెకలించి బండి మీద వేయించుకుని వచ్చాడు. ఉన్నన్నాళ్ళూ మా పెరట్లోనే ఉన్నాడు. పళ్ళు ఊడగొట్టడానికి వచ్చిన ఆ లైను వాళ్ళే కత్తులు, గొడ్డళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళు. తెచ్చిన ప్రతిదాన్నీ, ఇది నీదేనా, ఎక్కడన్నా ఎత్తుకొచ్చినవా అని అడిగి మరీ తీసుకునేవాడు.

ఇప్పుడు మా మనవడి కంపెనీలో ఇలాంటి పెట్టెలు గది అంత ఉన్నాయట, వేడి అంకెల్లో కనిపిస్తుందట. ఉప్పు ఎందుకు నానమ్మా అని నవ్వుతాడు. మా వీధిలో ఇంటింటికీ తలుపు మీద కెమెరా ఉంది. మాకూ పెట్టించాడు. ఎదురింటి వాళ్ళు ఎవరో, ఏం చేస్తారో నాకు తెలియదు, నేనెవరో వాళ్ళకు తెలియదు. వాళ్ళ ఇంట్లో సాయంత్రం పూట ఏదో యంత్రం ఆగకుండా రొద పెడుతుంది. దాని మీద నాకు అనుమానమే. అయితే పోయి తలుపు తట్టి ఇదేంటమ్మా అని అడగను. నన్నూ ఎవరూ అడగరు. ఆనాడు నేను భయంతో చచ్చి బతికాను, ఆ మనుషులు మంచివాళ్ళని అనను. కానీ వాళ్ళ అనుమానం మా పెరట్లోకి నడిచివచ్చింది, జవాబు చెప్పడానికి ఒక మనిషికి చోటు మిగిల్చింది. ఈ వీధిలో అలాంటి రోజు వస్తే నా ముందు ఎవరు నిలబడతారో తెలియదు.

గుంత తవ్విన ఆ సాయంత్రం వాళ్ళంతా పోయాక మామ మంచం మీద కూర్చున్నాడు. నేను నేల మీద కూలబడ్డాను. దీపం నిండుగా వెలుగుతోంది. ఉన్నట్టుండి ఆయన వాకిలి వైపు తల తిప్పి, గొంతు తగ్గించి అన్నాడు:

"దర్వాజ కాడ ఎవలో నిలవడ్డరు బిడ్డా. ఒకడు ఇంక పోలే. ఏం కావాల్నో అడుగు. లోపలికి రానియ్యకు."

వాకిట్లో నిలబడ్డది మా ఆయన. స్టేషన్ దగ్గర ఎవరో చెబితే పరుగెత్తుకుంటూ వచ్చాడట. ఎప్పుడు వచ్చాడో నేనూ చూడలేదు. తువ్వాల నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. మీ కొడుకే మామా అన్నాను.

మామ ఈసారి గొంతు తగ్గించలేదు.

"గీ పెట్టె నా కోసమని ముందుగాల చెప్పవద్దారా?"

"చెప్తె ముట్టేటోనివా బాపూ?"

మామ మంచం మీద కొంచెం జరిగి, పక్కన చోటు చేశాడు.

"ముట్టకపోతుంటి" అన్నాడు.